బార్బడోస్: వరుస తప్పిన 160 కిలోమీటర్లు

2024 జూన్ 29న బ్రిడ్జ్‌టౌన్‌లోని కెన్సింగ్టన్ ఓవల్ మైదానంలో భారత జట్టు దక్షిణాఫ్రికాను 7 పరుగుల తేడాతో ఓడించి టీ20 ప్రపంచకప్ గెలిచింది. కప్పు చేతికొచ్చినా ఇంటికి బయల్దేరే దారి లేకపోయింది. బెరిల్ తుపాను ముంచుకొస్తోందని విమానాశ్రయం మూసేశారు. మన హైదరాబాద్ బౌలర్ సిరాజ్ సహా జట్టంతా ప్రత్యేక విమానంలో ఢిల్లీ చేరేసరికి జులై 4 అయింది. ఆ నాలుగు రోజులూ టీవీల్లో బార్బడోస్ పేరు మారుమోగింది. ఆ దేశం గురించి తెలుసుకోవాల్సింది మాత్రం ఇంకా చాలా ఉంది.

విస్తీర్ణం 430 చదరపు కిలోమీటర్లు. 650 చదరపు కిలోమీటర్ల పాత జీహెచ్‌ఎంసీలో మూడింట రెండు వంతులన్నమాట. పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు 23. జనాభా సుమారు 2.8 లక్షలు. అయితే ఈ దేశాన్ని అర్థం చేసుకోవడానికి వీటన్నిటికంటే పనికొచ్చే అంకె 160. తూర్పు కరీబియన్ దీవులు చాలావరకు విల్లులా వంగిన ఒకే వరుసలో ఉంటాయి. బార్బడోస్ ఆ వరుసలో లేదు. సెయింట్ విన్సెంట్‌కు తూర్పున దాదాపు 160 కిలోమీటర్ల దూరంలో, అట్లాంటిక్‌లో ఒంటరిగా ఉంది. అక్కడి నేల, నీరు, తుపాన్ల కథ చాలావరకు ఆ దూరంలోనే ఉంది.

వరుసలోని దీవుల్లో చాలావాటిని అగ్నిపర్వతాలు పుట్టించాయి. బార్బడోస్ అలా పుట్టలేదు. అట్లాంటిక్ అడుగున ఉన్న భూఫలకం కరీబియన్ ఫలకం కిందికి దూరేచోట, సముద్రగర్భంలో పేరుకున్న మట్టి నలిగి, మడతలు పడి, పైకి లేచింది. దానిమీద పగడాలు పెరిగాయి. ఇప్పటికీ దేశంలో 85 శాతం నేల పగడపు సున్నపురాయే. అన్నిటికంటే ఎత్తయిన హిల్లబీ కొండ కూడా 340 మీటర్లకు మించదు.

సొంత అగ్నిపర్వతం లేకపోయినా బూడిద బాధ తప్పలేదు. 2021 ఏప్రిల్‌లో సెయింట్ విన్సెంట్‌లోని లా సూఫ్రియేర్ పేలింది. నేలకు దగ్గరగా ఇక్కడ గాలి తూర్పు నుంచి పడమరకు వీస్తుంది కాబట్టి బూడిద ఇటు రాకూడదు. కానీ అది ఎన్నో కిలోమీటర్ల ఎత్తుకు ఎగిసింది. అంత ఎత్తులో గాలి ఎదురు దిశలో వీస్తుంది. మర్నాడు బార్బడోస్‌లో పట్టపగలే చీకటి కమ్మింది. ఇళ్ల కప్పులు, కార్లు, చెట్లు, రోడ్లు అన్నీ బూడిదరంగుకు తిరిగాయి.

నీళ్ల లెక్క ఇంకా విచిత్రం. ఏడాదికి సగటున సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అది విశాఖపట్నం వానకంటే ఎక్కువ. అయినా చెప్పుకోదగ్గ నది ఒక్కటీ లేదు. పడిన నీరు సున్నపురాయిలోకి ఇంకిపోతుంది. జనం తాగేది దాదాపు అంతా భూగర్భం నుంచి తోడిన నీరే. ఒక దేశంలో తలకు ఏడాదికి 1,000 ఘనపు మీటర్లకన్నా తక్కువ నీరుంటే కొరత ఉన్నట్టు లెక్క. ఇక్కడ 400 కూడా లేదు. ఆ నీరు రాయిని కరిగించి చెక్కిన హారిసన్ గుహను ట్రాములో కూర్చుని చూసిరావచ్చు. బీచ్‌ల కంటే ముందు చూడాల్సింది అదేనని నా అభిప్రాయం.

అక్షాంశం 13 డిగ్రీలు, అంటే అచ్చంగా మన చెన్నైదే. మే నెలలో చెన్నై 40 డిగ్రీలు దాటుతుంటే బార్బడోస్‌లో పగటి వేడి 31 దగ్గరే ఆగుతుంది. నలువైపులా ఉన్న సముద్రం, ఆగకుండా వీచే తూర్పుగాలి దానికి కారణం.

హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. ఎక్కువ తుపాన్లు ఈ దీవికి ఉత్తరంగా మళ్లిపోతాయి. 1955లో జానెట్ కొట్టాక, మళ్లీ 2021 జులై 2న ఎల్సా వచ్చేదాకా హరికేన్ దెబ్బ నేరుగా తగల్లేదు. మూడేళ్లకే బెరిల్ వచ్చింది. అది దక్షిణంగా దాటిపోయినా, దాని అలలకు 200కు పైగా చేపల పడవలు దెబ్బతిన్నాయి. జులై 2 నాటికే అయిదో కేటగిరీకి చేరి, అంత తొందరగా ఆ స్థాయి అందుకున్న తొలి అట్లాంటిక్ తుపానుగా నమోదైంది. సముద్రం ఇంతగా వేడెక్కుతుంటే పాత 66 ఏళ్ల ధీమా ఇక పనికిరాదు.

కాబట్టి వెళ్లాలనుకుంటే డిసెంబర్ నుంచి మే మధ్యలో వెళ్లండి. 2 బార్బడోస్ డాలర్లు 1 అమెరికన్ డాలర్‌తో సమానం. 1975 నుంచి ఆ మారకం మారలేదు. 2019లో బస్సు టికెట్‌ను 3.50 బార్బడోస్ డాలర్లు చేశారు. స్టాపుల్లో బోర్డులు రెండే రకాలు: ‘నగరానికి’, ‘నగరం నుంచి బయటికి’. ఈతకు పడమటి తీరం మంచిది. తూర్పున బత్‌షీబా దగ్గర అలలు సర్ఫింగ్ చేసేవాళ్లకే తగినవి. పిల్లలతో ఉంటే అక్కడ నీళ్లలోకి దిగొద్దు.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు 90 రోజుల్లోపు పర్యటనకు వీసా తీసుకోనక్కర్లేదు. కానీ మన దేశం నుంచి నేరుగా విమానం లేదు. లండన్, న్యూయార్క్, మయామీ వంటిచోట్ల మారాలి. అమెరికా మీదుగా వెళ్లాలంటే విమానం మారడానికి కూడా వీసా ఉండాల్సిందే. టికెట్ కొనేముందే ఆ సంగతి చూసుకోండి.