రాగిరేకుపై వేట

మోకరిల్లిన వేటగాడొకడు. అతని వెనుక చెట్టునీడన నిలిచిన గుర్రం, ముందు ఐదు వేటకుక్కలు, కొంచెం దూరాన ఒక దుప్పి. జర్మను చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1501 ప్రాంతాన రాగిరేకుపై చెక్కిన ఈ చిత్రంలో వేట ఉన్నదా అంటే ఉన్నది, లేదా అంటే లేదు. దుప్పి కొమ్ముల నడుమ శిలువ మీది క్రీస్తు మూర్తి సాక్షాత్కరించగా, ప్లాసిడస్ అనే రోమను సేనాని గుర్రం దిగి మోకరిల్లినాడు. అతడే తరువాత యూస్టేస్ అనే పునీతుడైనాడని క్రైస్తవ గాథ. కుక్కలు మాత్రం తమ ధోరణిలో తాము ఉన్నవి. ఇటలీ కళాకారుల చరిత్ర వ్రాసిన వసారి ఈ కుక్కలను ప్రత్యేకించి మెచ్చుకొన్నాడు. ఆ మెప్పు సబబే. డ్యూరర్ రాగి చిత్రాలన్నింటిలోనూ పెద్దదైన ఈ చిత్రం ఎత్తు జానెడున్నరకు మించదు. అందులోనే కుక్కకొక భంగిమ, చెట్టుకొక బెరడు!

ఈ పని సులభమైనది కాదు. నునుపు చేసిన రాగిరేకుపై ఉక్కు ఉలితో గీతలు తవ్వాలి. వాటిలో సిరా దట్టించి, రేకు పైభాగాన్ని శుభ్రంగా తుడిచి, తడిపిన కాగితం పరచి, రెండు రూళ్ల నడుమ గట్టిగా నొక్కాలి. గాడిలో నిలిచిన సిరా కాగితానికెక్కుతుంది. కొయ్య అచ్చులో ఉబ్బిన గీత అచ్చుపడితే, ఇక్కడ తవ్విన గీత పడుతుంది. అచ్చులో కుడి ఎడమవుతుంది కనుక, వేటగాడు కుడిచేత ఈటె పట్టాలంటే రేకుపై అతణ్ణి ఎడమచేతివాటంగా చెక్కవలసిందే.

ఇంత శ్రమకూ ఫలం ఏమిటంటే, ఒక్క రేకు నుండి వందల ప్రతులు వచ్చేవి. బ్రూజ్ నగరంలో 1523లో పుట్టి ఫ్లోరెన్సులో స్థిరపడిన స్ట్రాడానస్ కథ ఇందుకు మంచి నిదర్శనం. పొజ్జో ఆ కైయానోలోని మెడిచీ ప్రభువుల విడిదికి వేట దృశ్యాలతో తెరలు నేయించదలచి, వాటి నమూనాలు గీసే పని అతనికి అప్పగించారు. ప్రభువుకూ ఆయన అతిథులకూ తప్ప అన్యులకు చూడ శక్యం కాని ఆ వేటలు 1570లో ఆంట్‌వెర్ప్ ప్రకాశకుడు హియరొనిమస్ కాక్ చేతిమీదుగా రాగిచిత్రాలై అంగడికి వచ్చినవి. ఆ తరువాత ఫిలిప్స్ గాలె ప్రకటించిన మాల క్రమంగా నూట నాలుగు చిత్రాలకు పెరిగినది. అడవిపంది, దుప్పి, డేగవేట, వలలతో చేపలు పట్టడం, స్ట్రాడానస్ ఎన్నడూ చూడని దేశాల ఏనుగులూ ఉష్ట్రపక్షులూ, అన్నీ అందులో ఉన్నవి. చూసినదానికీ విన్నదానికీ గీతలో తేడా తెలియదు. ఆ చిత్రాల క్రింద లాటిను పద్యాలు కూర్చిన కీలియాన్ నిఘంటుకారుడు, అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దిన మనిషి. భాషోపాధ్యాయులకు ఆయన ఆప్తుడనిపిస్తాడు. ఇంతా చేసి, ఈ చిత్రాలన్నీ వేటగాని పక్షాన నిలబడి చూసినవే. చచ్చే జంతువు పక్షాన నిలిచే తలంపు వాటికి లేదు.

ఆ తలంపు గల చిత్రం ఒకటి ఆ కాక్ దుకాణం నుండే, అంతకు పదమూడేండ్ల ముందే వెలువడినది. దాని పేరు ‘పెద్ద చేపలు చిన్న చేపలను తినును’. 1556లో పీటర్ బ్రూగెల్ గీసిన బొమ్మను మరునాటి యేడు పీటర్ వాన్ డెర్ హేడెన్ రాగిపై చెక్కినాడు. అచ్చులో బ్రూగెల్ పేరు లేదు. 1516లోనే గతించిన బాష్ పేరు వేసినారు. బాష్ పేరుకు గిరాకీ ఎక్కువ మరి!

ఒడ్డున కొండంత చేప పడి ఉన్నది. తెరచిన నోటి నుండి చేపలు జారుతున్నవి, వాటి నోళ్లలో ఇంకా చిన్న చేపలు. తనకన్న పెద్ద కత్తితో ఒకడు దాని పొట్ట చీలుస్తున్నాడు. అక్కడా అంతే, చేపలోపల చేప. ఆ కత్తి అలుగుపై భూగోళపు గుర్తు వేసి ఉన్నది. ఒకచోట చేపకు మనిషి కాళ్లు మొలిచి, నోట మరొక చేపను కరచుకొని నడచిపోతున్నది. ఆకాశంలోనూ ఒక చేప ఎగురుతున్నది. ఇక్కడ వేటగాడెవడు? చేపలా, మనుషులా?

మనకిది కొత్త మాట కాదు. దండనీతి లోపించినచోట బలవంతుడు బలహీనుణ్ణి మింగడాన్ని కౌటిల్యుడు మత్స్యన్యాయమన్నాడు. సముద్రాలకవతల ఆంట్‌వెర్ప్‌లో ఒక చిత్రకారుడు తన ప్రాంతపు సామెతతో అదే చోటికి చేరినాడు. అయితే కౌటిల్యుడు ఆ రోగానికి మందుగా రాజును చూపినాడు. బ్రూగెల్ చిత్రంలో రాజు లేడు, మందూ లేదు. ముందుభాగాన చిన్న పడవ మాత్రం ఉన్నది. అందులో ఒక పెద్దాయన పిల్లవానికి ఒడ్డు మీది చేపను చూపుతున్నాడు. ఈ సంగతి తనకు ఏనాటినుండో తెలుసునని అతడు పిల్లవానితో చెప్పే మాట చిత్రం క్రింద వ్రాసి ఉన్నది. అదే పడవలో వారి తోటివాడు తన చేతిలోని చేప పొట్ట నుండి చిన్న చేపను బయటికి లాగుతున్నాడు.