ఖాకీ ప్యాంటు... కాస్త పొడవైతే!

తెనాలి, బాపట్ల, రేపల్లె... మూడు ఊళ్లలోనూ ఆర్టీసీ డిపోలున్నాయి. తెల్లారకముందే బస్సు తీసే డ్రైవరన్నకు ప్యాంటు అంచు చిన్న విషయమేం కాదు. మడమ కిందికి జారిందా, బ్రేకు తొక్కేటప్పుడు కాలికి అడ్డమే! ఇంట్లో కుట్టుమిషనుంటే సరిచేయడం తేలికే. అలాగని వెంటనే కత్తెర పట్టొద్దు. నూలు ఖాకీ తడిస్తే కుంచించుకుపోతుంది. ముందు ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేయాలి. డ్యూటీ బూట్లు వేయించి, నిలబెట్టి కొలవాలి. అంచును మొదట అరంగుళం, మళ్లీ ఒకటిన్నర అంగుళం లోపలికి మడిచి కుట్టాలి. పక్క కుట్ల దగ్గర గుడ్డ మందంగా ఉంటుంది. అక్కడ తొక్కడం ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పితే సూది విరగదు. లోపలి మడత అలాగే ఉంచితే, రేపు ప్యాంటు పొట్టిదైనా విప్పుకోవచ్చు. కత్తిరించిన గుడ్డ మళ్లీ రాదుగా!