దీవులకు బోటు మాట్లాడుకునే ముందు: అండమాన్ విహారంపై అపోహలు – వాస్తవాలు

అండమాన్ మనకు పరాయి చోటేం కాదు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లిన మత్స్యకార కుటుంబాలు ఎప్పటినుంచో పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో స్థిరపడి ఉన్నాయి. పోర్ట్ బ్లెయిర్‌నే ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు. అక్కడి జెట్టీలో పది నిమిషాలు నిలబడితే చాలు, తెలుగు మాట చెవిన పడుతుంది. ఈ మధ్య మనవాళ్లు ఇద్దరు ముగ్గురు బంధువుల కుటుంబాలను కలుపుకొని, బోటు మొత్తాన్ని ఒక రోజుకు మాట్లాడుకుని దీవులు చూసి వస్తున్నారు. మంచి ఆలోచనే. కాకపోతే చాలామంది విన్న మాటలు నమ్ముకుని బయలుదేరుతున్నారు. వాటిలో కొన్ని డబ్బు పోగొట్టేవి, కొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి.

అపోహ: డబ్బు కడితే బోటువాళ్లు ఏ దీవికైనా తీసుకెళ్తారు.

వాస్తవం: అండమాన్, నికోబార్‌లలో చిన్నా పెద్దా కలిపి 800కు పైగా దీవులున్నా, పర్యాటకులు కాలు పెట్టగలిగేవి కొన్నే. నార్త్ సెంటినెల్ దీవి చుట్టూ 5 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 9 కిలోమీటర్ల వరకు ఎవరూ వెళ్లకూడదు. ఆదిమ తెగల రక్షణ కోసం 1956లో చేసిన చట్టం అక్కడ అమల్లో ఉంది. బయటివాళ్లు మోసుకెళ్లే మామూలు జలుబు కూడా ఆ మనుషుల ప్రాణం తీయగలదు. బ్యారెన్ దీవి అగ్నిపర్వతాన్ని దూరం నుంచి చూడాల్సిందే, దిగనివ్వరు. వండూర్ దగ్గర మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కులోని జాలీబాయ్ దీవికి అటవీశాఖ అనుమతి కావాలి. అది ఏడాదిలో కొన్ని నెలలు మూసి ఉంటుంది, అప్పుడు రెడ్‌స్కిన్ దీవిని తెరుస్తారు. అందుకే ముందు అనుమతి ఉన్న దీవుల జాబితా చూసుకుని, ఆ తర్వాత బోటు మాట్లాడుకోవాలి.

అపోహ: బోటు పెద్దదైతే ఇంకో నలుగురు ఎక్కినా ఏం కాదు.

వాస్తవం: 2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్ దగ్గర విహారయాత్రికుల బోటు మునిగి ఇరవై మందికి పైగా చనిపోయారు. పట్టే సంఖ్య కంటే చాలా ఎక్కువ మంది ఆ బోటులో ఉన్నారు. బరువు పెరిగినకొద్దీ బోటు అంచు నీటికి దగ్గరవుతుంది. అప్పుడు ఫొటో కోసమో, డాల్ఫిన్ కోసమో అందరూ ఒకే పక్కకు వెళ్తే బోటు ఒరిగిపోతుంది. ఎక్కే ముందు రిజిస్ట్రేషన్ నంబరు, తనిఖీ పత్రం, ఎంతమంది ఎక్కవచ్చో రాసిన పలక చూపమని అడగండి. మీ వాళ్లను లెక్కపెట్టండి. చంటిపిల్లలనూ లెక్కలో కలపండి.

అపోహ: ఈత వచ్చినవాళ్లకు లైఫ్ జాకెట్ అక్కర్లేదు.

వాస్తవం: చెరువులో నేర్చుకున్న ఈత నడి సముద్రంలో ఎంతోసేపు నిలవదు. పడేటప్పుడు తలకు దెబ్బ తగిలితే ఎంతటి ఈతగాడికైనా చేతులాడవు. జాకెట్ వేసుకుంటే సరిపోదు, అది ఒంటికి అతకాలి. స్వరాజ్ ద్వీప్ జెట్టీలో మా అక్క తన ఆరేళ్ల కూతురికి జాకెట్ తొడిగింది. అది మోకాళ్ల దాకా వచ్చింది. బోటు నడిపే సరంగు వచ్చి, ఏమీ అనకుండా జాకెట్‌ను రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకెత్తాడు. పాప కిందే ఉంది, జాకెట్ ఆయన చేతుల్లోకి వచ్చేసింది. “ఇది పెద్దోళ్లదమ్మా, నీళ్లలో పడితే ఇలాగే ఊడొచ్చేస్తాది” అన్నాడు. చిన్నది వెతికి తెచ్చి, కాళ్ల మధ్య నుంచి పట్టీ లాగి బిగించాడు. ఆ పరీక్ష మీరూ చేయండి. పట్టుకుని ఎత్తితే గడ్డం దాటి పైకి రాకూడదు.

అపోహ: ఆకాశం తేటగా ఉంటే సముద్రమూ నెమ్మదిగానే ఉంటుంది.

వాస్తవం: వందల కిలోమీటర్ల అవతల లేచిన గాలివాన తాలూకు అలలు ఎండ కాస్తున్న తీరానికి కూడా వచ్చి కొడతాయి. మే రెండో సగంలోనే నైరుతి రుతుపవనాలు అండమాన్‌ను తాకుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం సాధారణంగా ఒద్దికగా ఉంటుంది. అలల ఎత్తు, గాలి వేగం ముందే చెప్పే సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉంది. ఇన్‌కాయిస్ అనే ఆ కేంద్రం చిన్న పడవల కోసం కూడా హెచ్చరికలు ఇస్తుంది. బయలుదేరే ముందు రోజు సాయంత్రం ఒకసారి, పొద్దున్నే ఇంకోసారి చూసుకోండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగిన రోజు గోదావరి వరదలో ఉంది. నీటి తీరు చూడకుండా బయలుదేరకూడదని మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

అపోహ: తీరిగ్గా టిఫిన్ చేసి పదింటికి బయలుదేరినా రోజంతా తిరగొచ్చు.

వాస్తవం: గడియారం ఒకటే అయినా పొద్దు ఒకటి కాదు. మన కాలమానానికి ఆధారమైన రేఖాంశం కాకినాడ సమీపం నుంచి పోతుంది. అండమాన్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది. అందుకే డిసెంబరులో అక్కడ సాయంత్రం ఐదింటి ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడు. చీకటి పడకముందే జెట్టీ చేరాలి. ఆటుపోట్లనూ లెక్క చూసుకోవాలి. ఆటు సమయంలో పగడపు దిబ్బలు నీటి పైకి తేలడంతో బోటు ఒడ్డుకు రాలేకపోతుంది. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుకూ పోటుకూ మధ్య నీటిమట్టంలో తేడా ఎక్కువ. కాబట్టి బయలుదేరే వేళను మీ సెలవుల లెక్కతో కాక, సరంగు చెప్పే పోటు లెక్కతో ఖాయం చేసుకోండి.

అపోహ: ఖాళీ కడుపుతో వెళ్తే వాంతులు రావు.

వాస్తవం: ఖాళీ కడుపు వికారాన్ని పెంచుతుంది. నూనె లేని ఇడ్లీలాంటివి రెండు తిని, డాక్టరు చెప్పిన మాత్రను ఎక్కడానికి ముందే వేసుకోండి. ఊగడం తక్కువగా ఉండే బోటు మధ్యభాగంలో కూర్చుని, దూరాన నీరూ ఆకాశమూ కలిసే గీతను చూస్తూ ఉండండి. ఫోను చూడకండి.

అపోహ: అద్దె ఒక్కటి తేల్చుకుంటే చాలు.

వాస్తవం: డీజిల్, జెట్టీ రుసుము, అటవీశాఖ టికెట్, దీవి దగ్గర ఆగే గంటలు, స్నార్కెలింగ్ సామాను అందులో కలిశాయో లేదో విడివిడిగా అడిగి రాయించుకోండి. వాతావరణం వల్ల ఆగిపోతే డబ్బు వెనక్కిస్తారా, తేదీ మారుస్తారా అన్నది ముఖ్యం. తిరుగు విమానానికి ముందు రోజు బోటు ప్రయాణం పెట్టుకోకండి, ఒక రోజు ఖాళీ ఉంచుకోండి.

అపోహ: పగడం రాయే కదా, చిన్న ముక్క తెచ్చుకుంటే తప్పేంటి?

వాస్తవం: పగడం రాయి కాదు, ప్రాణుల కాలనీ. బండలాంటి పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూగా పెరుగుతాయి. మన అరికాలు ఒకసారి మోపితే ఏళ్ల పెరుగుదల విరిగిపోతుంది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పగడాన్ని తీసుకురావడం నేరం. లంగరును పగడాల మీద కాక ఇసుకలో వేయమని సరంగుకు ముందే చెప్పండి.

చివరగా ఒక్క మాట. మనం అద్దెకు తీసుకునేది ఇంజిన్‌నూ చెక్కనూ మాత్రమే కాదు, ఆ నీటిని చిన్నప్పటి నుంచి చూసిన మనిషి తెలివిని కూడా. డబ్బు కట్టేశామని, మళ్లీ రాలేమని ఆయన మీద ఒత్తిడి తేకండి. సరంగు “ఇవాళ వద్దు” అన్న రోజున ఆ మాటకు విలువిచ్చి ఒడ్డునే ఉండిపోండి.