నాగజెముడు తొలగింపు, పచ్చిక బీళ్ళు

నాగజెముడు అమెరికా ఖండాల నుండి భారతదేశానికి వచ్చిన ముళ్ళ మొక్క. ఆకుల్లా కనిపించే దీని బల్లపరుపు భాగాలు నిజానికి కాండాలు. పొలాలకు కంచెగా నాటిన ఈ మొక్క మెట్ట ప్రాంతాలలోని బీళ్ళు, మేత పోరంబోకులకు వ్యాపించి పశువుల మేతకు అడ్డంకిగా మారింది. నీరు నిలిచే నేల దీనికి సరిపడదు. అందువలన కైకలూరు, కొల్లేరు ప్రాంతాలలో గుర్రపుడెక్క వలె ఇది పెద్ద సమస్య కాలేదు.

'''పురుగులతో నిర్మూలన'''

18వ శతాబ్దం చివర ఎర్ర రంగునిచ్చే కొచినీల్ పురుగుల కోసం ఈస్టిండియా కంపెనీ నాగజెముడు పెంపకాన్ని ప్రోత్సహించింది. మద్రాసు సైదాపేటలో జేమ్స్ ఆండర్సన్ అనే వైద్యుడు ఇందుకొక తోట వేశాడు. 1795లో బ్రెజిల్ నుండి తెచ్చిన పురుగు మేలైన రంగునిచ్చే జాతి కాదని తరువాత తేలింది. రంగు వ్యాపారం సాగలేదు గానీ, ఆ పురుగు ఒక జాతి నాగజెముడును చాలా చోట్ల నాశనం చేసింది. దక్షిణాదిన ఎక్కువగా ఉన్న మరొక జాతిని మాత్రం అది ముట్టలేదు. దానికోసం 1926లో సింహళం నుండి ఇంకొక కొచినీల్ జాతిని తెచ్చారు. కొద్ది సంవత్సరాలలోనే సుమారు 40,000 హెక్టార్ల భూమి ఖాళీ అయింది.

ఆస్ట్రేలియాలో 1925 నాటికి సుమారు 2.4 కోట్ల హెక్టార్లను ఆక్రమించిన నాగజెముడును అర్జెంటీనా నుండి తెచ్చిన ఒక చిమ్మట గొంగళిపురుగులు అణచివేశాయి. ఆ భూములు తిరిగి మేతకు, సాగుకు వచ్చాయి.

'''గడ్డిపై ప్రభావం'''

నాగజెముడు వేళ్ళు నేల పైపొరలోనే పరచుకొని, చిన్నపాటి వాన నీటిని కూడా పీల్చుకుంటాయి. గడ్డికి కావలసినదీ ఆ నీరే. కనుక పొదలు పోతే గడ్డికి తేమ, వెలుతురు, చోటు దొరుకుతాయి. అయితే మరొక సంగతి ఉంది. ముళ్ళ మధ్య మొలిచిన గడ్డిని పశువులు అందుకోలేవు. అది కంకి వేసి విత్తనం రాలుస్తుంది. విపరీతంగా మేసిన బీడులో గడ్డి జాతులు మిగిలేది ఒక్కోసారి ఈ పొదలలోనే. కాబట్టి తొలగించిన వెంటనే కనిపించే మేతలో కొంత కొత్తగా పెరిగినది కాదు, కొత్తగా అందుబాటులోకి వచ్చినది మాత్రమే. అప్పుడే మందలను వదిలితే ఆ విత్తనపు గడ్డి కూడా పోతుంది. వాన సరిగా లేని ఏడు తొలగింపు వలన పెద్ద తేడా కనిపించకపోవచ్చు.

నరికి వదిలేయడం మరీ హానికరం. నేల తాకిన ప్రతి ముక్కా వేరు తొడుగుతుంది. నరికిన ముక్కలను ఎండబెట్టి కాల్చాలి, లేదా లోతుగా పూడ్చాలి.

'''తరువాతి పరిణామాలు'''

ఖాళీ అయిన నేలను గడ్డే ఆక్రమిస్తుందన్న హామీ లేదు. 1870లలో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో విత్తిన సర్కారు తుమ్మ నేడు రాయలసీమ బీళ్ళలో విస్తారంగా ఉంది. వయ్యారిభామ కూడా అటువంటిదే.

కరువు కాలంలో ముళ్ళు కాల్చి నాగజెముడును పశువులకు మేపడం పాత అలవాటు. ముళ్ళులేని రకాన్ని పశుగ్రాసంగా పెంచే ప్రయత్నాలు నేడు భారతదేశంలో జరుగుతున్నాయి. 1926లో ఇక్కడికి తెచ్చిన కొచినీల్ జాతే 2014 నుండి మొరాకోలో సాగు నాగజెముడు తోటలను నాశనం చేసింది.