గిడుగు అక్షరం వాలితే

శుభలేఖ మీద పెళ్లికూతురి పేరైనా, జీడిపప్పు ప్యాకెట్ మీద ఊరి పేరైనా కాస్త పక్కకి వాలి ఉంటే కళగా ఉంటుందని శ్రీకాకుళం జిల్లా పలాస, టెక్కలి డీటీపీ షాపుల్లో అడిగేవాళ్లుంటారు. ఆపరేటర్ మాటని సెలెక్ట్ చేసి ఇటాలిక్ బటన్ నొక్కుతాడు. అక్షరాలు వాలిపోతాయి. కానీ పని సగమే అయింది.

గిడుగు ఫాంట్‌నే తీసుకుందాం. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టి, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, సవర భాషకి నిఘంటువు కట్టి, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి పేరే దానికి పెట్టారు. 2013లో పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించారు, సిలికానాంధ్ర ఉచితంగా అందరికీ ఇచ్చింది. శీర్షికలకి, పోస్టర్లకి, ఆహ్వాన పత్రికలకి ఉద్దేశించినది. ఒకటే శైలి, వాలు రూపం లేదు.

అలాంటి ఫాంట్‌కి ఇటాలిక్ నొక్కితే కంప్యూటర్ కొత్త అక్షరం గీయదు. ప్రతి బిందువునీ దాని ఎత్తుని బట్టి పక్కకి జరుపుతుంది, అంతే. వాలు 12 డిగ్రీలనుకోండి. అక్షరాలు కూర్చునే గీతకి ఫాంట్ కొలతల్లో 700 యూనిట్ల పైన ఉన్న బిందువు సుమారు 149 యూనిట్లు కుడికి పోతుంది. 300 యూనిట్ల దిగువన ఉన్నది 64 యూనిట్లు ఎడమకి పోతుంది. ఇంగ్లీషులో గీత కిందికి దిగే అక్షరాలు కొన్నే కాబట్టి పెద్దగా తెలియదు. మనకి వత్తులున్నాయి. ‘టెక్కలి’ అని రాస్తే ట మీది ఎత్వం కుడికి సాగుతుంది, క వత్తు మాత్రం తన అక్షరాన్ని వదిలి టె వైపు జరుగుతుంది. ‘ఉద్దానం’లో ద వత్తుదీ అదే గతి.

ఇంకో నష్టం గుండ్రదనానికి. ఒకే మందంతో గీసిన సున్నని 12 డిగ్రీలు వాల్చితే కుడివైపు పైన, ఎడమవైపు కింద గీత వంద నుంచి 111కి లావెక్కుతుంది. మిగతా రెండు మూలల్లో 90కి చిక్కిపోతుంది. మన లిపి నిండా వంపులే కనక ఒక్క మాటలోనే ఈ ఉబ్బు పదిచోట్ల కనబడుతుంది. అందుకే మంచి డిజైనర్ బటన్‌ని నమ్మడు. వాల్చాక మందాన్ని చేత్తో సరిచేస్తాడు, వత్తుని వెనక్కి తెస్తాడు, గీతల కొసల్ని మళ్లీ గుండ్రం చేస్తాడు.

ఆ గుండ్రని కొసలు అందానికే కాదు. ఆటో వెనక అంటించే రేడియం స్టిక్కర్‌లో మొనదేలిన కొసే ముందు లేస్తుంది. బస్తా మీద అచ్చు వేస్తే సిరా పాకి సందులు పూడిపోతాయి. ద, ధ ఒకేలా కనబడకూడదంటే సందుని ముందే విశాలంగా గీయాలి.

వాలు అక్షరం పేరుకి బాగుంటుంది, పేరాకి పనికిరాదు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతంలో రోగి చేతికిచ్చే మందుల కాగితం నిటారు అక్షరంలో, పెద్ద సైజులో ఉండాలి. అక్కడ అలంకారం వద్దు.

గిడుగు ఫాంట్ సిల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉంది. దాన్ని మార్చొచ్చు, మార్చినదాన్ని అదే లైసెన్స్‌తో పంచొచ్చు, ఫాంట్‌ని మాత్రం విడిగా అమ్మకూడదు. గీయడానికి ఫాంట్‌ఫోర్జ్ కూడా ఉచితమే. పలాసలో కూర్చునే ఎవరైనా దీనికి అసలైన వాలు రూపం గీయొచ్చు. మొదలు పెట్టాల్సింది వత్తులతో.