గేటుకు వేలాడిన 'టు-లెట్' బోర్డు

మామగారికి మందులు తీసుకుని మిట్టమధ్యాహ్నం ఎండలో నడుచుకుంటూ వచ్చిన ఆ ఇల్లాలికి గేటుకు తీగతో కట్టిన అట్టముక్క కనిపించింది. 'టు-లెట్. రెండు గదుల పోర్షన్' అని ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. ఎవరు ఖాళీ చేస్తున్నారో అనుకుంటూ లోపలికి అడుగు వేయబోయి ఆగిపోయింది. ఆ ఇంట్లో రెండు గదుల పోర్షన్ ఒక్కటే. అందులో ఉంటున్నది తామే!

"కాళ్ల కింద భూమి కదిలినట్టయింది అక్కా. నాలుగు నెలల అద్దె బాకీ ఉందని నాకు ఆ బోర్డు చూసేదాకా తెల్వదు" అంది తర్వాత నాతో.

ఇది హైదరాబాద్ సరూర్‌నగర్‌లో 2023 వేసవిలో జరిగింది. పేరు రాయొద్దని మాట తీసుకుంది కనుక రాయడం లేదు. కానీ "నా కథ చదివి ఇంకో ఆడది ముందే మేలుకుంటే చాలు" అని కూడా ఆమే అంది.

కష్టం ఒక్కసారిగా రాలేదు

నల్గొండ జిల్లా నుంచి బతుకుదెరువు కోసం వచ్చిన జంట. ఆయన ఒక కాలేజీ ఎదురుగా చిన్న జిరాక్స్ షాపు నడిపేవాడు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. కాలేజీలు మూతపడ్డాయి. పిల్లలు రాకపోతే జిరాక్సులెవరికి? మిషన్ మీద తీసుకున్న అప్పు మాత్రం ఆగలేదు. చివరికి మిషన్ అమ్మేసి, మందుల షాపులో పనికి కుదిరాడు. జీతం 18 వేలు.

ఎలాగో గట్టెక్కుతున్నాం అనుకునేసరికి 2022లో మామగారికి పక్షవాతం వచ్చింది. రాత్రికి రాత్రి దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. ఆమె గాజులు తాకట్టుకెళ్లాయి. చాలక ఫైనాన్సులో అప్పు తెచ్చారు. రేషన్ కార్డు ఊళ్లో అత్తగారి దగ్గర ఉంది. ఆ చికిత్సకు ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా అని ఆరోగ్యమిత్రను అడగాలని ఆ గాభరాలో ఎవరికీ తట్టలేదు. 2007 నుంచి ఉన్న పథకం. కార్డు ఉండీ అడక్కపోవడం ఎంత ఖరీదైన పొరపాటో బిల్లు చేతికొచ్చాక తెలిసింది.

ఆ తర్వాత లెక్క చూడండి. ఇంటి అద్దె 8,000. మామగారి మందులు, ఫిజియోథెరపీ 4,500. ఫైనాన్సు కిస్తీ 6,000. మొత్తం 18,500. అంటే బియ్యం కొనకముందే జీతం కంటే 500 ఎక్కువ! ఇందులో వాయిదా వేయగలిగింది ఏది? మందులా? కిస్తీ ఆలస్యమైతే గుమ్మంలోకి వచ్చే ఫైనాన్సు వాళ్లా? చివరికి అద్దే వాయిదా పడింది.

"వచ్చే వారం ఇస్తాను" అని ఆయన ఓనరమ్మకు చెప్పేవాడు. "కట్టేశాను" అని భార్యకు చెప్పేవాడు. ఆమె మాత్రం తక్కువ తిందా? పుట్టింటివాళ్లు ఫోన్ చేస్తే "అంతా మంచిగున్నం" అనేది. అత్తింటి గుట్టు పుట్టింట్లో చెప్పకూడదని కదా మనకు నేర్పారు!

"అద్దె కట్టలేదన్న బాధ కంటే నాకు చెప్పలేదన్న బాధే ఎక్కువైంది" అంది. ఆ రాత్రి భార్యాభర్తలు గొడవపడ్డారు. తెల్లవారుజామున ఆయన ఒక్క మాట అన్నాడట. "నువ్వు అడుగుతవని భయం. అడిగితే నా దగ్గర జవాబు లేదు."

ఓనరమ్మ వైపు కూడా...

మేడ మీద ఉండే ఓనరమ్మ మనకు విలన్‌లా కనిపించవచ్చు. రెండు రోజులు నీళ్ల మోటారు వేయలేదు. "పదో తారీకుకి ఖాళీ చేయకపోతే తాళం వేస్తా" అంది. కానీ ఆవిడ కథ కూడా వినాలి. భర్త లేడు, పెన్షన్ లేదు. కింది రెండు పోర్షన్ల అద్దెతోనే ఆవిడకు అన్నం, బి.పి. మందులు. నాలుగు నెలలు "వచ్చే వారం" అంటే ఆమె మాత్రం ఎలా ఓర్చుకుంటుంది?

అయితే అవసరం ఉంది కదా అని తాళం వేసే హక్కు రాదు. అద్దె బాకీ ఉన్నా సరే, కోర్టు ఉత్తర్వు లేకుండా సామాను బయట పడేయడం, బలవంతంగా వెళ్లగొట్టడం చట్టం ఒప్పుకోదు. అలా వెళ్లగొడితే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా కోర్టుకెళ్లి తిరిగి స్వాధీనం కోరవచ్చు. అలాగని ఇది అద్దె ఎగ్గొట్టడానికి లైసెన్సు కాదు. బాకీ బాకీయే. ఊపిరి పీల్చుకునే గడువు మాత్రం దొరుకుతుంది.

ఒక కాగితం, మూడు నెలల గడువు

ఈ సంగతి ఆ ఇల్లాలికి చెప్పింది వీధిలోని అంగన్‌వాడీ టీచరు. ఎల్.బి.నగర్ కోర్టుల ఆవరణలో ఉన్న న్యాయసేవాధికార సంస్థకు తోడుగా తీసుకెళ్లింది కూడా ఆమే. "మాకు వకీలుకిచ్చే పైసలెక్కడివి?" అని జంకితే, ఆడవాళ్లకు అక్కడ ఫీజు లేదని చెప్పారు. నిజమే. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది.

కేసు వేయాల్సిన అవసరం రాలేదు. ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టారు. ఓనరమ్మ ముందు కోపంగానే మాట్లాడింది. తర్వాత ఈ ఇల్లాలు ఆసుపత్రి బిల్లులు, ఫైనాన్సు పుస్తకం, నెల ఖర్చుల కాగితం బల్ల మీద పెట్టింది. "ఈ మాట మొదటి నెలలోనే చెప్తే నేను బోర్డు పెట్టేదాన్నా?" అంది ఓనరమ్మ.

రాజీ ఇలా కుదిరింది. బాకీ 32,000లో అడ్వాన్సు 16,000 పోతుంది. మిగిలిన 16,000 నెలకు 2,000 చొప్పున ఎనిమిది నెలల్లో కట్టాలి. ఖాళీ చేయడానికి మూడు నెలల గడువు. ఆ మూడు నెలలూ అద్దె ఐదో తారీకుకి తప్పకూడదు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆ సాయంత్రమే మోటారు వేశారు.

ఇల్లు నిలిచిందా అంటే లేదు. మూడు నెలలకు హయత్‌నగర్ వైపు 5,500 అద్దెకు వెళ్లిపోయారు. వెళ్లేముందు ఆమె తాకట్టులోని గాజులు అమ్మించేసింది. బంగారం అప్పు తీరగా మిగిలినదానితో ఫైనాన్సు బాకీ తీర్చేసింది. "విడిపించుకుంటనని వడ్డీ కడుతూ కూసుంటే గాజులు రావు, ఇల్లూ నిలవదు" అంది. ఇప్పుడు చీరలకు ఫాల్స్ కుడుతోంది. పాత బాకీ చివరి 2,000 ఇవ్వడానికి వెళితే ఓనరమ్మ కాఫీ ఇచ్చి, మామగారు ఎలా ఉన్నారని అడిగిందట.

మీరు గుర్తుంచుకోండి

* అద్దె కట్టలేమని తెలిసిన నెలలోనే ఓనర్‌తో మాట్లాడండి. ఎంత, ఎప్పటికి ఇస్తారో చెప్పి కాగితం మీద రాసుకోండి.

* అద్దె చేతికిస్తే రసీదు అడగండి. ఫోన్ ద్వారా పంపితే ఆ వివరాలు చెరిపేయకండి.

* రాతపూర్వక ఒప్పందం లేని నెలవారీ అద్దె ఇంటిని ఖాళీ చేయించాలంటే 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం 15 రోజుల ముందు లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి. అప్పటికీ వెళ్లకపోతే కోర్టుకే వెళ్లాలి. ఒప్పందం ఉంటే అందులో ఏం రాశారో చదవండి.

* ఉచిత న్యాయసహాయం కోసం 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

* రేషన్ కార్డు, ఆధార్ ఎక్కడున్నాయో ఇంట్లో అందరికీ తెలియాలి. ఆసుపత్రిలో చేరిన రోజే ఆరోగ్యమిత్రను కలవండి.

పరువు పోతుందని ఆయన దాచాడు. పరువు పోతుందని ఆమె పుట్టింట్లో దాచింది. దాచినంత కాలం బాకీ పెరిగింది. చెప్పిన రోజే దారి దొరికింది. ఇంటి ఖర్చులు మగవాళ్లు చూసుకుంటారులే అనుకునే మనలో చాలామందికి కూర ధర తెలుసు, పాల బిల్లు తెలుసు. మరి ఈ నెల అద్దె కట్టారో లేదో తెలుసా? ఈ రాత్రి భోజనాలయ్యాక, మీవారిని దెప్పకుండా, పక్కన కూర్చుని ఒకసారి అడిగి చూడండి.