పగిలిన డబ్బా, పొంచియున్న ముప్పు

పల్నాటి నేల ప్రత్తికి, మిరపకు పేరుపడినది. ఆ పంటలకు వాడే పురుగుమందులు మన మాచర్లకు లారీలపై పెట్టెలుగా వస్తాయి. వాటిని దింపేది హమాలీ భుజం. అరబ్బీలో బరువును తెలిపే 'హమ్ల్' నుండి పుట్టిన ఈ మాట ఉర్దూలోను, తెలుగులోను సమానంగా స్థిరపడినది. అయితే ఆ భుజం మోసేది తూకానికి అందే బరువు మాత్రమే కాదు.

1958లో కేరళలో ఒక ఘోరం జరిగినది. పారాథియాన్ అనే విషం ఓడలో ఆహారపదార్థాలతో కలిసి ప్రయాణించి, కారి, గోధుమపిండికి అంటినది. ఆ పిండి తిన్నవారిలో నూరుమందికి పైగా మరణించారు. విషం వేసినవాడెవడూ లేడు. కారిన డబ్బా ఆహారపు బస్తాల సరసన ఉండుటయే నేరమైనది. ఆ పిమ్మట 1968లో క్రిమిసంహారక మందుల చట్టం, 1971లో దాని నిబంధనలు వచ్చాయి. పురుగుమందును ఆహారానికి, పశువుల మేతకు తగిలేటట్లు రవాణా చేయరాదనీ, నిలువ ఉంచరాదనీ, అది కారినచో మనుషులకు విషం సోకకుండా, నేల, నీరు చెడకుండా రవాణాదారుడు గాని, గిడ్డంగి యజమాని గాని తక్షణమే చర్య తీసుకొనవలెననీ ఆ నిబంధనల సారాంశం.

మరి కారుతున్న పెట్టె కంటబడినప్పుడు చేయవలసినదేమి? మొదట దించుట ఆపి, మనుషులను గాలి వచ్చే దిక్కుకు తప్పించవలెను. బీడీ వెలిగించరాదు; ద్రవరూపపు మందులు పెక్కింటిలో మండే ద్రావకం ఉంటుంది. నీళ్లతో కడుగరాదు, కడిగిన నీరు విషాన్ని కాలువకు, బావికి చేరుస్తుంది. ద్రవంపై పొడి ఇసుక గాని, మట్టి గాని చల్లి, పీల్చుకొన్న తరువాత చేతికి తొడుగులు వేసుకొని పారతో ఎత్తి, మూతగల డబ్బాలో వేరుగా ఉంచవలెను. పొడి మందైతే, దుమ్ము లేవకుండా తడి ఇసుక చల్లవలెను. తడిసిన ధాన్యపు బస్తాను ఎండబెట్టి అమ్మరాదు. దానిని వేరుచేసి వ్యవసాయాధికారికి తెలుపవలెను.

ఇట్టి మందులు పెక్కు చర్మం గుండా కూడ శరీరంలో ప్రవేశిస్తాయి. ఒంటిపై పడినచో బట్టలు విప్పి, సబ్బుతో బాగుగా కడుగవలెను. విపరీతమైన చెమట, నోట చొంగ, ఆయాసం కనిపించినచో క్షణం జాగుచేయక ఆసుపత్రికి చేర్చవలెను. మందు చీటీని వెంట తీసుకొనిపోవలెను. ఏ విరుగుడు ఇవ్వవలెనో వైద్యునికి దాని వలననే త్వరగా తెలుస్తుంది.

చీటీపై గల త్రికోణపు రంగుకు భాష అవసరం లేదు. ఎరుపు అత్యంత విషపూరితం. తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ క్రమంగా తగ్గుతాయి. ఆకుపచ్చది కూడ విషమే.

మన విద్యార్థులలో రైతుల బిడ్డలున్నారు, హమాలీల బిడ్డలున్నారు. నేర్చిన అక్షరం ముందుగా ఇంటి గడప దాటిరావలెను. ఈ నాలుగు రంగుల అర్థాన్ని తండ్రికి ఒక సాయంకాలం చెప్పగలిగితే, ఆ చదువు సార్థకమైనట్లే. కారుతున్న పెట్టెను ఎత్తనని చెప్పే హమాలీ పనిదొంగ కాడు. తన ప్రాణంతో పాటు మన అన్నాన్ని కూడ కాపాడుతున్నాడు.